కిలోమీటర్లు చెప్పినంత తేలిగ్గా గంటలు చెప్పలేం

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న లెక్క. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానం పోవడానికి రెండు దారులున్నాయి అనుకోండి. ఒకటి 13,900 కిలోమీటర్లు, రెండోది 15,300 కిలోమీటర్లు. ఏ దారిలో త్వరగా చేరతాం? చేతులెత్తండి... సరే, దాదాపు అందరూ మొదటిదే అంటున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం "ఈయన ఊరికే అడగడు, ఇందులో ఏదో మెలిక ఉంది" అన్నట్టు చూస్తున్నారు. (నవ్వులు)

మెలిక ఉంది. 2016 అక్టోబరు దాకా ఎయిర్ ఇండియా విమానం ఈ ప్రయాణానికి పడమటి దారి పట్టేది. యూరప్ మీదుగా, అట్లాంటిక్ దాటి, అమెరికా అంతా అడ్డంగా పోయి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేది. అది 13,900 కిలోమీటర్ల దారి. పదహారున్నర గంటలు పట్టేది. ఆ అక్టోబరులో దారి మార్చారు. విమానం తూర్పుకు తిరిగి, జపాన్ మీదుగా పసిఫిక్ దాటింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. పద్నాలుగున్నర గంటల్లో దిగింది. ఇంకో విషయం కూడా గమనించండి. ఈ రెండు ఊళ్ల మధ్య అసలైన అతి దగ్గరి దూరం ఈ రెండూ కాదు. అది దాదాపు 12,400 కిలోమీటర్లు. ఆ గీత మీద ఏ విమానమూ పోదు.

నేను విమానం నడిపినవాణ్ణి కాదు. నేల మీద కూర్చుని, విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం పోసుకోవాలి, ఎన్ని గంటలు పడుతుంది అని లెక్కలు కట్టేవాణ్ణి. ఫ్లైట్ డిస్పాచర్ అంటారు. ఈ ఉద్యోగం చేసినవాడు కనబడితే చుట్టాలు, స్నేహితులు అడిగేది ఒకటే: "ఫలానా ఊరు ఎంత దూరం, ఎన్ని గంటలు?" దూరం టక్కున చెప్తాను. గంటలు అడిగితే మాత్రం "ఏ నెలలో? పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. వాళ్లకు విసుగొస్తుంది. ఆ ఎదురు ప్రశ్న ఎందుకు వేస్తానో ఇవాళ మీకు చెప్తాను.

దూరంతో మొదలుపెడదాం, అది తేలిక. ఈ గ్లోబు చూడండి, ఇదిగో దారం. ఢిల్లీ మీద ఒక కొస పట్టుకుని, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగుతున్నాను. దారం ఎక్కడికి పోయిందో ముందు వరుసలో వాళ్లకు కనబడుతుంది. టిబెట్ మీదుగా సైబీరియాకు, అక్కడి నుంచి ఆర్కిటిక్ సముద్రం మీదికి ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. తూర్పుకూ పోలేదు, పడమటికీ పోలేదు. ఉత్తరానికి పోయింది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి ఇలాగే ఉంటుంది. దీన్ని గ్రేట్ సర్కిల్ అంటారు.

గోడ మీద వేలాడే ప్రపంచ పటంలో ఇదే దారి గీస్తే పెద్ద వంకరలా కనిపిస్తుంది. సీటు ముందున్న తెరలో ఆ వంకర చూసి "పైలట్ ఎందుకింత చుట్టూ తిప్పుతున్నాడు" అని చాలామంది అనుకుంటారు. తప్పు పైలట్‌ది కాదు, పటానిది. మెర్కేటర్ అనే పటాల నిపుణుడు 1569లో ఆ రకం పటం తయారు చేసింది ఓడల వాళ్ల కోసం. దిక్సూచిలో ఒకే కోణం పట్టుకుని పోతే ఆ దారి పటం మీద సరళరేఖగా రావాలన్నది వాళ్ల అవసరం. ఆ అవసరం తీరింది. దానికి బదులుగా ధ్రువాల దగ్గర దేశాలన్నీ ఉబ్బిపోయాయి.

ఎంత తేడా వస్తుందో ఒక్క ఉదాహరణ. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఒక చోటు తీసుకోండి. సరిగ్గా భూమికి అవతలి వైపు, అదే అక్షాంశం మీద ఇంకో చోటు. అక్షాంశ రేఖ పట్టుకుని పోతే, పటం మీద అది చక్కని అడ్డగీత, సుమారు 10,000 కిలోమీటర్లు. నేరుగా ఉత్తర ధ్రువం మీదుగా అయితే 60 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 6,660. మూడో వంతు దూరం మిగిలింది.

ఈ దూరాన్ని రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే ఇంటర్‌లో చదువుకున్న త్రికోణమితితోనే కట్టేయవచ్చు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కనుక ఏ రెండు ఊళ్లూ 20,000 కిలోమీటర్లకు మించి దూరం ఉండవు. భూమి ఖచ్చితమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గరి వ్యాసం కన్నా ధ్రువాల మధ్య వ్యాసం సుమారు 43 కిలోమీటర్లు తక్కువ. గోళం అనుకుని లెక్క కడితే అర శాతం దాకా తేడా రావచ్చు. ఒకే జంట నగరాలకు ఇద్దరు వేరువేరు అంకెలు చెప్పడానికి ఇదొక కారణం. ఒకరు విమానాశ్రయం నుంచి, మరొకరు నగరం నడిబొడ్డు నుంచి కొలవడం ఇంకో కారణం. అన్నిటికన్నా పెద్ద గందరగోళం మైళ్లతో వస్తుంది. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, మేం వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 15,300 కిలోమీటర్లంటే ఒక లెక్కన 9,500 మైళ్లు, ఇంకో లెక్కన 8,260. ఏ మైలో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పేవాళ్లను నమ్మకండి.

ఇక ఆ దారం పడిన గీత మీద విమానం ఎందుకు పోదు?

మొదటి అడ్డంకి టిబెట్ పీఠభూమి. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది కదా, కింద కొండలుంటే మనకేం అనుకోవచ్చు. ఎప్పుడైనా క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగులకు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల నెత్తి మీద వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట లోపే వస్తుంది. టిబెట్‌లో నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది. దిగడానికి చోటెక్కడ? అందుకే ఆ ప్రాంతం మీదుగా దారులు చాలా తక్కువ. ఆ దారుల్లో పోవాలంటే అదనపు ఆక్సిజన్, ముందే గీసుకున్న తప్పించుకునే దారులు ఉండాలి.

రెండోది ఇంజిన్ల సంగతి. రెండింజిన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, మిగిలిన ఒక్కదానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. 1953లో అమెరికాలో పెట్టిన నియమం ప్రకారం ఆ సమయం 60 నిమిషాలు. 1985లో 120 అయింది. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. ఉత్తర సముద్రాల మీద ఇప్పుడిది పెద్ద అడ్డంకి కాదు.

మూడో అడ్డంకి దేశాల మధ్య గొడవలు. గీసుకున్న దారిని రాత్రికి రాత్రి మార్చేసేది ఇదే. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో పోయేవాళ్లు. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక యూరప్ విమానాలకు ఆ గగనతలం మూతపడింది. ఇప్పుడు దాదాపు 13 గంటలు. రెండు నగరాలూ ఉన్నచోటే ఉన్నాయి, దారం పెట్టి కొలిస్తే అదే దూరం. 2019 ఫిబ్రవరి చివర నుంచి జులై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసినప్పుడు ఢిల్లీ నుంచి యూరప్ పోయే విమానాలన్నీ దక్షిణానికి చుట్టు తిరిగాయి. డిస్పాచ్ గదిలో అలాంటి రోజు ఎలా ఉంటుందంటే, తెల్లారే సరికి నిన్నటి ప్లాన్లన్నీ చిత్తుకాగితాలు. ప్రతి విమానానికీ దారి, ఇంధనం, సిబ్బంది డ్యూటీ గంటలు మళ్లీ మొదటి నుంచీ కట్టాలి. దారి మూడు గంటలు పెరిగితే అదనపు ఇంధనం పోస్తే సరిపోదు. పైలట్ల డ్యూటీ పరిమితి దాటితే ఇంకో జట్టు ఎక్కాలి, లేదా మధ్యలో ఎక్కడో దిగాలి. టెన్షన్ అంటే అది.

ఇంతా చెప్పాక అసలు విషయానికొస్తాను, గాలి.

పదకొండు కిలోమీటర్ల ఎత్తున, మధ్య అక్షాంశాల్లో, పడమటి నుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150, 200 కిలోమీటర్లు మామూలు. చలికాలంలో అంతకు మించిపోతుంది. దీన్ని మొదట పట్టుకున్నవాళ్లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి ఒకరు. 1920లలో బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే వేగం కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని ఆ నివేదికను ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో రాశాడు. ఫలితంగా దాదాపు ఎవరూ చదవలేదు. (నవ్వులు) 1944లో జపాన్ మీద ఎత్తుగా ఎగిరిన అమెరికన్ బాంబర్లు అదే గాలిలో చిక్కుకుని, వేసిన బాంబు వేసిన చోట పడక తలలు పట్టుకున్నాయి.

విమానం వేగం గాలితో పోల్చి లెక్క. బోయింగ్ 787, ఏ350 లాంటివి శబ్ద వేగంలో 0.85 వంతు దగ్గర పోతాయి. ఆ ఎత్తున చలి మైనస్ 56 డిగ్రీలు, ఆ చలిలో శబ్ద వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. అంటే విమానం వేగం 900. ఏరు వాలున పోయే పడవకు, ఎదురెక్కే పడవకు తెడ్డు వేసే బలం ఒకటే అయినా ఒడ్డున నిలబడి చూసేవాడికి వేగం వేరుగా కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను వేళ న్యూయార్క్ నుంచి లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీది లెక్కలో ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది శబ్ద వేగాన్ని దాటలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం మామూలే. మామూలు రోజుల్లో ఆ ప్రయాణం ఆరున్నర, ఏడు గంటలు. ఎదురు దిశలో ఇంకో గంట ఎక్కువ.

ఇప్పుడు ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో లెక్క మళ్లీ చూడండి. 13,900ని పదహారున్నరతో భాగిస్తే గంటకు 840 కిలోమీటర్లు. 15,300ని పద్నాలుగున్నరతో భాగిస్తే 1,055. విమానం అదే, ఇంజిన్లు అవే. మిగతాదంతా పసిఫిక్ మీది గాలి చేసిన సాయం.

చాలామంది ఒక మాటంటారు: "పోయేటప్పుడు గాలి అడ్డం, వచ్చేటప్పుడు సాయం, చివరికి చెల్లుకు చెల్లు." చెల్లదు. లెక్క వేద్దాం. 6,000 కిలోమీటర్ల దూరం, విమానం వేగం 900. గాలి లేకపోతే ఒక వైపు 6 గంటల 40 నిమిషాలు, రానూపోనూ 13 గంటల 20 నిమిషాలు. ఇప్పుడు 100 కిలోమీటర్ల గాలి పెట్టండి. వాలున 1,000 వేగంతో 6 గంటలు. ఎదురున 800తో ఏడున్నర గంటలు. మొత్తం పదమూడున్నర. పది నిమిషాలు ఎక్కువే. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, సాయం చేసే గాలిలో తక్కువసేపు ఉంటుంది. అందుకే ఎప్పుడూ నష్టమే. గాలి ఎంత పెరిగితే నష్టం అంత పెరుగుతుంది.

అందుకే మేం రోజూ దారి మార్చి గీస్తాం. తూర్పుకు పోయేటప్పుడు గాలి నడిమధ్యలో, పడమటికి వచ్చేటప్పుడు దాన్ని తప్పించుకుని పక్కగా. అట్లాంటిక్ మీద ఈ దారుల జాబితాను గాలి లెక్క చూసి రోజుకు రెండు సార్లు ప్రకటిస్తారు.

టికెట్ మీద వేసే సమయం సంగతి త్వరగా చెప్పేస్తాను. అది గాల్లో ఉండే సమయం కాదు. విమానం ఆగి ఉండే చోట, అంటే బే దగ్గర, చక్రాల కింద అడ్డు చెక్కలు తీసిన క్షణం నుంచి, దిగిన ఊళ్లో మళ్లీ పెట్టే క్షణం దాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రద్దీ విమానాశ్రయంలో బే వదిలి రన్‌వే కొసకు చేరి, ముందున్న అయిదారు విమానాలు ఎగిరేదాకా ఆగితే అరగంట అక్కడే పోతుంది. విమానయాన సంస్థలు దీని మీద ఇంకాస్త వదులు పెట్టుకుంటాయి. చాలాచోట్ల 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కేయరు కూడా. కెప్టెన్ గర్వంగా "ఇరవై నిమిషాలు ముందే దిగాం" అని ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టండి, కాదనను. ఆ ఇరవై నిమిషాలు టైమ్‌టేబుల్ వేసేవాడు ముందే దాచిపెట్టినవి కూడా కావచ్చు.

ఇంక గడియారాల గోల. ఢిల్లీలో రాత్రి రెండున్నరకు బయల్దేరారు అనుకోండి, 16 గంటల ప్రయాణం. దిగేసరికి ఢిల్లీలో సాయంత్రం ఆరున్నర. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. అంటే అక్కడ అదే తేదీ ఉదయం అయిదు. గోడ గడియారాలు నమ్మితే రెండున్నర గంటల్లో పోయినట్టు! తిరిగి ఉదయం పదికి బయల్దేరి పదిహేనున్నర గంటలు ప్రయాణిస్తే, ఢిల్లీలో దిగేది మర్నాడు మధ్యాహ్నం మూడుకు. గడియారంలో 29 గంటలు గడిచాయి. ఇప్పుడొక కిటుకు. రెండూ కూడండి. రెండున్నర, ఇరవై తొమ్మిది, మొత్తం ముప్పై ఒకటిన్నర. అసలు ప్రయాణ సమయాలు పదహారు, పదిహేనున్నర కూడినా అదే. టికెట్ మీద ప్రయాణ సమయం వేయకపోతే, రానూపోనూ గడియారపు తేడాలు కూడి రెండుతో భాగించండి. సగటు ప్రయాణ సమయం దొరుకుతుంది, టైమ్ జోన్లు తెలియక్కర్లేదు. ఒక్కటే షరతు, మధ్యలో వేసవి గడియారం, అంటే అక్కడ వేసవికి గడియారాలు గంట ముందుకు జరిపే పద్ధతి, మారకూడదు.

ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.

ప్రశ్న: భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా. పడమటికి పోయే విమానానికి ఊరే ఎదురొస్తుంది, అప్పుడు త్వరగా చేరాలి కదండీ?

మంచి ప్రశ్న, ప్రతి సభలోనూ వస్తుంది. భూమితో పాటు గాలీ తిరుగుతోంది, విమానాశ్రయంలో నిలబడ్డ విమానమూ తిరుగుతోంది. కాబట్టి నేరుగా లాభం లేదు. కానీ దొడ్డిదారిన ప్రభావం ఉంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి ధ్రువాల వైపు కదులుతుంటే, భూభ్రమణం వల్ల అది తూర్పుకు మళ్లుతుంది. జెట్ స్ట్రీమ్ పుట్టేది అలాగే. అంటే భూమి తిరగడం వల్ల పడమటికి పోయేవాడికి ఆలస్యమే అవుతోంది. మీరనుకున్నదానికి సరిగ్గా తలకిందులు.

ప్రశ్న: ఉత్తర ధ్రువం మీదుగా నిజంగా పోతారా?

పోతారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం ధ్రువం మీదుగా వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం. రెండు ఊళ్ల మధ్య నేరు దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు 17 గంటలు. అక్కడ మేం భయపడేది ఇంధనం గురించి. జెట్ ఏ-1 అనే రకం మైనస్ 47 డిగ్రీల దగ్గర, అమెరికాలో ఎక్కువగా పోసే జెట్ ఏ మైనస్ 40 దగ్గర గడ్డకట్టే హద్దుకు వస్తాయి. గంటల తరబడి గడ్డకట్టే చలిలో ఎగిరితే రెక్కల్లోని ఇంధనం చల్లబడిపోతుంది. హద్దు దగ్గరపడితే వెచ్చని గాలి కోసం కిందికి దిగుతారు, లేదా వేగం పెంచుతారు. వేగం పెరిగితే గాలి ఒత్తిడికి రెక్కలు కాస్త వేడెక్కుతాయి.

ప్రశ్న: ఇంట్లో కూర్చుని సుమారుగా లెక్క వేసుకోవాలంటే?

గ్రేట్ సర్కిల్ దూరాన్ని 850తో భాగించి, అరగంట కలపండి. న్యూయార్క్, లండన్ మధ్య 5,540 కిలోమీటర్లు. ఆరున్నర, పైన అరగంట, ఏడు గంటలు. పడమటికి పోతుంటే గంట దాకా కలపండి, చలికాలమైతే ఇంకాస్త. మూసేసిన గగనతలం మధ్యలో ఉంటే ఈ సూత్రం పక్కన పెట్టి, ఆ విమానానికి గత రెండు వారాలుగా నిజంగా ఎంతసేపు పట్టిందో ట్రాకింగ్ యాప్‌లో చూసుకోండి.

ప్రశ్న: ఎప్పటికైనా ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా ఆగకుండా పోగలమా?

ఇప్పటికే చాలా దగ్గరకొచ్చాం. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైన, పద్దెనిమిది గంటల పైన, ఆగకుండా పోతున్నారు. దాని కోసం ఏ350లో 1,65,000 లీటర్లు పట్టే ట్యాంకులు పెట్టారు, సీట్లు 161కి కుదించారు. 2019లో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ వాళ్లు కొద్దిమందిని మాత్రం ఎక్కించుకుని లండన్ నుంచి సిడ్నీకి 19 గంటల 19 నిమిషాల్లో ప్రయోగంగా వెళ్లారు. 1947లో ఇదే సంస్థ ఇదే దారిలో కాన్‌స్టలేషన్ విమానం నడిపినప్పుడు నాలుగు రోజులు పట్టేది, దారిలో కలకత్తా, కరాచీ లాంటి మజిలీలు ఉండేవి. 20,000 కిలోమీటర్లు పోవడం సాంకేతికంగా అసాధ్యం కాదు. చిక్కల్లా ఇంధనం బరువు. చివరి గంటలో మండే ఇంధనాన్ని మొదటి పద్దెనిమిది గంటలూ మోయాలి, ఆ మోతకే మళ్లీ ఇంధనం మండుతుంది. అందుకే అంత దూరాలకు మధ్యలో ఒకచోట దిగి నింపుకుని పోతేనే మొత్తం మీద తక్కువ ఖర్చవుతుంది. కానీ దిగితే కనీసం గంటన్నర, రెండు గంటలు పోతాయి. ఆ రెండు గంటలు మిగుల్చుకోవడానికి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు సరిపడా ఉన్నంతకాలం ఆగని విమానాలు నడుస్తాయి. ఎంతమంది ఉన్నారో లెక్క కట్టే పని మా డిస్పాచ్ వాళ్లది కాదు, టికెట్లు అమ్మే విభాగానిది.